పసిబిడ్డ ఉన్న ఇంటిలో కుక్కను ఉంచుకోవచ్చునా?

హదీసు గ్రంథాలలో ఒక చిన్న సంఘటన నమోదై ఉన్నది. జిబ్రీల్ (అలై) దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తాను క్రితం రాత్రి కూడా వచ్చాననీ, అయితే ఇంటిలోనికి అడుగు పెట్టలేకపోయాననీ తెలిపారు. బొమ్మలున్న తెర ఒకటి, ఇంటిలో ఉన్న కుక్క ఒకటి తమను ఆపాయని చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలోని అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ప్రకారం ఆ కుక్కపిల్ల హజ్రత్ హసన్ (రజి)దో, హజ్రత్ హుసేన్ (రజి)దో. పిల్లల మంచం క్రింద, పక్కబట్టల చాటున అది దూరి ఉన్నది. దానిని బయటికి పంపించవలసిందని దైవప్రవక్త (స) ఆదేశించారు. అలాగే పంపించారు.

కుక్కను గురించి ముస్లిముల ఇళ్ళలో చర్చ వచ్చినప్పుడల్లా ఈ హదీసులోని మొదటి భాగమే వినిపిస్తుంది. కుక్క ఉన్న ఇంటికి దైవదూతలు రారన్న మాట దగ్గర చర్చ ఆగిపోతుంది. ఆ కుక్కపిల్ల ఎవరిదన్న చివరి మాటను చాలామంది గమనించరు. అది ఎనిమిదేళ్ళయినా నిండని పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న పిల్ల. పసిపిల్లలూ, కుక్కా, ఇల్లూ అన్న మూడింటి సమస్య ప్రవక్త (స) కుటుంబంలోనే ఒకసారి తలెత్తింది, అక్కడే పరిష్కారమైంది కూడా. ఆ పరిష్కారం ఒక్క మాటలో చెప్పాలంటే, దానిని పంపించడం. కొట్టి తరమడం గానీ, చంపడం గానీ ఆ ఉల్లేఖనంలో కనిపించదు.

నెల్లూరుకు దక్షిణాన, మద్రాసు రోడ్డు మీద ఉన్న వెంకటాచలం మండలం వంటి చోట ఈ ప్రశ్న కేవలం కితాబుల ప్రశ్న కాదు. కాలువల క్రింద వరి మళ్ళు, మెట్ట మీద నిమ్మతోటలు, తూర్పున ముత్తుకూరు దిక్కుగా పోతే రొయ్యల గుంటలు, వీటన్నిటికీ రాత్రి కాపలా కావాలి. నెల్లూరు జాతి గొర్రెలకు దేశమంతటా పేరున్నది. పల్ల, జోడిపి రకాల మందలను తోలుకుపోయే వారి వెనుక కుక్క లేకుండా కనబడదు. కనుక ఈ ప్రాంతపు ముస్లిం రైతు ఇంట కుక్క ఉండడం వింత కాదు. పట్టణాలలో మోజు కొద్దీ సీమ కుక్కను తెచ్చి పడకగదిలో పెంచుకునే వ్యవహారం వేరు. దాని మాట తరువాత వస్తుంది.

ఇలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. నిమ్మతోట కాపలాకని నాలుగేళ్ళ క్రితం తెచ్చిన నాటుకుక్క మెల్లమెల్లగా తోట నుండి ఇంటి పెరటికి, పెరటి నుండి వసారాకు చేరింది. అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు ఇప్పుడు ఎనిమిది నెలలు, పాకుతున్నాడు. కుక్క అన్నం తింటున్న చిప్ప వైపు ఒకనాడు బిడ్డ పాకిపోతే అది గుర్రుమన్నది. కరవలేదు. ఆ రోజు నుండి ఇంటిలో నాలుగు మాటలు. కుక్క నజిస్, ఎప్పుడో పంపించి ఉండవలసిందని నానీ అంటుంది. నాలుగేళ్ళు తోటను కాచిన నోరులేని ప్రాణిని ఎక్కడికి పంపుతామని నానా అంటాడు. అల్లుడు ఫోనులో ఒకటే మాట అంటాడు, కుక్క ఉంటే బిడ్డను అక్కడ ఉంచవద్దని. మేనమామకు ఒక ఉపాయం తోస్తుంది: రాత్రివేళ ఆటోలో తీసుకుపోయి హైవే ప్రక్కనో, కసుమూరు దర్గా దగ్గరనో వదిలిపెడితే యాత్రికుల ఎంగిలి మెతుకులతో అదే బ్రతుకుతుందిలే అని.

ఈ నాలుగింటిలో మూడు మాటలకు షరీఅత్‌లో ఎంతో కొంత ఆధారం ఉన్నది. నాలుగవదానికి ఏ ఆధారమూ లేదు. అయినా మన ఊళ్ళలో ఆచరణకు వచ్చేది సాధారణంగా ఆ నాలుగవదే కావడం విచారకరం.

అనుమతి ఎంతవరకు?

వేటకు గానీ, మందకు గానీ, పైరుకు గానీ కాక ఊరకనే కుక్కను ఉంచుకున్నవాని పుణ్యఫలం నుండి ప్రతిరోజూ ఒక ఖీరాత్ తగ్గిపోతుందని అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనంలో రెండు ఖీరాత్‌లన్న మాట ఉన్నది. ఈ రెండూ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నవే. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 4వ ఆయతులో, నేర్పు గరపిన వేటజంతువులు పట్టి తెచ్చినది ధర్మసమ్మతమని స్పష్టం చేయబడింది. కనుక కుక్క అన్నది ఇస్లాంలో పూర్తిగా బహిష్కరించబడిన ప్రాణి అనుకోవడం ఎంత పొరపాటో, అవసరం లేకున్నా ఇంట పెంచుకోవడంలో తప్పేమీ లేదనుకోవడం కూడా అంత పొరపాటే.

మరి ఇంటి కాపలా మాటేమిటి? హదీసులో దాని పేరు లేదు. ఇమాం నవవీ (రహ్మలై) ఈ విషయాన్ని చర్చించి, హదీసులో పేర్కొన్న మూడింటికీ మూలమైన కారణం అవసరమే కనుక, ఇంటి కాపలాకు కూడా అనుమతి వర్తిస్తుందన్నదే షాఫిఈ పక్షంలో సరియైన అభిప్రాయమని తేల్చారు. మన దేశంలో ఔరంగజేబు కాలంలో సంకలనం చేయబడిన ఫతావా ఆలంగీరీలో హనఫీల మాట కూడా దీనికి దగ్గరగానే ఉన్నది: దొంగల భయం వంటిది ఉంటే తప్ప ఇంటిలో కుక్కను ఉంచుకోవడం తగదు. ఇందులో రెండు భాగాలున్నాయి. భయం ఉంటే అనుమతి ఉన్నది. భయం లేకుంటే లేదు. కాగా ఆ భయం నిజమైనదా, లేక కుక్కను ఉంచుకోవడానికి చెప్పే నెపమా అన్నది ఆ ఇంటి యజమానికే బాగా తెలుస్తుంది.

అనుమతి ఉన్న కుక్క అయినా ఎక్కడ ఉండాలన్నది మరొక విషయం. అల్ కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క ప్రస్తావన వస్తుంది. ఆ యువకులు లోపల నిద్రిస్తూ ఉంటే, అది ముంగాళ్ళు చాచి గుహ వాకిట పడుకొని ఉన్నది. పుణ్యాత్ముల సాంగత్యం వల్ల ఒక కుక్క దివ్యగ్రంథంలో చోటు సంపాదించుకున్నది, నిజమే. కానీ దాని స్థానం వాకిలి. ఇబ్నె కసీర్ (రహ్మలై) తమ తఫ్సీరులో ఈ అంశాన్ని ప్రత్యేకంగా గుర్తించారు. దైవదూతలు రాకపోవడమన్నది అనుమతి లేని కుక్కకే వర్తిస్తుందని ఖత్తాబీ (రహ్మలై) అభిప్రాయపడగా, అన్ని కుక్కలకూ వర్తించడమే హదీసు పదాలకు దగ్గరగా ఉన్నదని నవవీ (రహ్మలై) అన్నారు. ఈ అభిప్రాయభేదం మధ్య మనిషి చేయగలిగిన పని తేలికైనదే. కాపలాకుక్క పని తోటలోనూ, దొడ్డిలోనూ ఉన్నది. పిల్లల పక్క దగ్గర దానికి పని లేదు. పైన ఊహించుకున్న ఇంటిలో అసలు సమస్య కుక్కతో మొదలు కాలేదు, అది తోట విడిచి వసారాకు వచ్చిన నాడు మొదలైంది.

నజిస్ అన్న మాట

తెలుగు ముస్లిములలో అధిక సంఖ్యాకులు హనఫీలు. తీరం వెంట దక్షిణానికి పోయి తమిళ దేశం చేరితే షాఫిఈలు కనిపిస్తారు. ఆ వైపు రాకపోకలున్న నెల్లూరు జిల్లా ఇళ్ళలో ఒకే విషయం మీద రెండు మజ్‌హబ్‌ల మాటలు వినిపించడం సహజం. షాఫిఈ, హంబలీ పక్షాలలో కుక్క శరీరమంతా నజిస్. తడి తగిలితే ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలి. హనఫీలలో బలమైన అభిప్రాయం ప్రకారం దాని చొంగ నజిస్, పొడి వెంట్రుకలు కావు. కుక్క మూతి పెట్టిన పాత్రను మూడుసార్లు కడగడం తప్పనిసరి, ఏడుసార్లు కడగడం ఉత్తమం. మాలికీలు కుక్కను శుద్ధమైన ప్రాణిగానే పరిగణించి, పాత్రను కడగమన్న ఆజ్ఞను ఆరాధనా విధిగా పాటిస్తారు. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిదులో అటూ ఇటూ తిరిగేవనీ, అందుకని ఎవరూ అక్కడ నీళ్ళు చల్లేవారు కాదనీ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన విషయం బుఖారీలో ఉన్నది.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, నానీ చెప్పిన 'నజిస్' అన్న కారణం నమాజు బట్టలకూ, వంట పాత్రలకూ సంబంధించినది. బిడ్డ చేతికి కుక్క చొంగ అంటితే చేయి కడుగుతారు, బట్ట మారుస్తారు, అంతటితో ఆ సంగతి తీరిపోతుంది. కుక్కను అసహ్యించుకోవడానికీ, రాయి విసరడానికీ ఆ పదం అనుమతిపత్రం కాదు. దాహంతో నాలుక చాపి మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి తన మేజోడుతో నీళ్ళు తెచ్చి పోసిన మనిషిని అల్లాహ్ క్షమించాడు. ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చేసిన మేలుకు ప్రతిఫలం ఉన్నదని ఆ సందర్భంలోనే ప్రవక్త (స) సెలవిచ్చారు. ఆ మనిషికి కుక్క చొంగ నజిస్ అన్న విషయం అడ్డు రాలేదు.

మట్టితో కడగమన్న ఆజ్ఞలో సూక్ష్మక్రిముల శాస్త్రం దాగి ఉన్నదని నిరూపించడానికి కొందరు రచయితలు చాలా శ్రమపడతారు. ఈ శ్రమ అనవసరమే కాక కొంత ప్రమాదకరం కూడా. పాత్రను కడిగే విధి పాత్రకే. కాటును కడిగే పద్ధతి వేరు, దానిని వైద్యుల వద్ద నేర్చుకోవాలి.

బిడ్డకు కలిగే హాని

హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న ప్రవక్త (స) ఉపదేశం ఫిఖహ్ శాస్త్రానికి ఒక మూలస్తంభం. పసిబిడ్డ విషయంలో కుక్క వల్ల రాగల హాని ఏమిటో తెలియకుండా ఆ సూత్రాన్ని అన్వయించలేము.

ఊరకుక్కలే పిల్లలను కరుస్తాయనీ, ఇంటికుక్క కరవదనీ ఒక నమ్మకం ఉన్నది. వాస్తవానికి మరీ చిన్నపిల్లలకు తగిలే కాట్లలో చాలా భాగం వారు ఎరిగిన కుక్కల వల్ల, ఇంటి పరిసరాలలోనే జరుగుతాయి. పాకే బిడ్డ ముఖం కుక్క ముఖానికి సరిసమానమైన ఎత్తులో ఉంటుంది. అందువల్ల పెద్దవారికి కాలికో చేతికో తగిలే కాటు పసివారికి ముఖానికీ, మెడకూ తగులుతుంది. బిడ్డ తోక పట్టి లాగుతాడు, కంట్లో వ్రేలు పెడతాడు, తింటున్న చిప్పలో చేయి పెడతాడు. కుక్కకు ఇది బిడ్డ అమాయకత్వమని తెలియదు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు, దెబ్బతగిలి బాధపడుతున్నప్పుడు ఎంత సాధువైన కుక్క అయినా కరవవచ్చును.

గుర్రుమన్నందుకు కుక్కను కొట్టడం మన అలవాటు. అది తెలివితక్కువ పని. ఒళ్ళు బిగబట్టడం, చూపు నిలపడం, గుర్రుమనడం, ఇవి కుక్క ఇచ్చే హెచ్చరికలు. కొట్టి ఆ హెచ్చరికను మాన్పిస్తే, మరునాడు అది హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. గుర్రుమన్నప్పుడు చేయవలసినది బిడ్డను అక్కడి నుండి తీసివేయడం, ఆ చిప్ప ఉన్న చోటికి బిడ్డ మళ్ళీ పోకుండా చూడడం.

రేబిస్ మాట చెప్పనవసరం లేదనిపించినా చెప్పక తప్పదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నదనీ, అనుమానాస్పదమైన కాటుకు గురయ్యేవారిలో సుమారు 40 శాతం 15 ఏళ్ళలోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. లక్షణాలు పైకి కనిపించిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. కానీ లక్షణాలు రాకముందు సరియైన చికిత్స అందితే దాదాపు ఎవరూ చావరు. ఇంత స్పష్టమైన గీత ఉన్న వ్యాధులు చాలా తక్కువ. కరచినా, గీరినా, పుండు మీద గానీ, నోటిలో కంటిలో గానీ చొంగ పడినా వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలపాటు కడగాలి. కారం, సున్నం, కాఫీపొడి, పసరు పెట్టరాదు. తావీజు కట్టించుకోవడానికి ముందు, దువా చేయించడానికి ముందు ఆసుపత్రికి పోవాలి. దువా దారిలో కూడా చేసుకోవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలోనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ టీకా ఉచితంగా వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేయించుకోవాలి. గాయం లోతైనదైతే, లేదా పుండు మీద చొంగ పడితే, గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించవలసి ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా పెద్దవారి నోట వినిపిస్తుంది. గొర్రె మెదడు నుండి చేసిన ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది. ఎనిమిది నెలల బిడ్డ తనకు ఏమైందో చెప్పలేడు; చిన్న గీత ఉన్నా పెద్దవారే వెదికి చూడాలి.

ఇంతకన్నా నెమ్మదిగా వచ్చే హాని మరొకటి ఉన్నది. గొర్రెల మందలున్న ప్రాంతానికి ఇది ముఖ్యమైనది. గొర్రె, మేక కార్జంలోనూ ఊపిరితిత్తులలోనూ కొన్నిసార్లు నీటితిత్తులు కనిపిస్తాయి. అవి ఒక రకమైన బద్దెపురుగు పిల్లదశలు. ఆ కార్జం ముక్కను కుక్కకు వేస్తే, పురుగు దాని ప్రేగులలో పెరిగి, గుడ్లు మలంతో బయటికి వస్తాయి. మట్టిలో ఆడుకుని చేయి నోటిలో పెట్టుకునే బిడ్డ కడుపులోకి ఆ గుడ్లు పోతే, సంవత్సరాల తరువాత కార్జంలోనో ఊపిరితిత్తులలోనో తిత్తిగా బయటపడుతుంది. బక్రీద్ నాడు కుర్బానీ చేసిన ఇళ్ళలో పనికిరాని పేగులూ, కార్జం ముక్కలూ వీధికుక్కలకు విసరివేయడం అందరూ చూసేదే. దానిని దయ అనుకుంటారు. లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టడమే కుక్కకూ, ఎదురింటి బిడ్డకూ నిజమైన దయ. కాపలాకుక్క ఉన్నవారు పశువైద్యుని సలహాతో సాధారణంగా మూడు నెలలకొకసారి పురుగుల మందు, ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. ఈ రెండూ చేయించలేనివారికి కుక్కను ఉంచుకునే హక్కు ఎంతవరకు ఉన్నదో ఆలోచించుకోవాలి.

నిర్ణయం ఎలా?

ఇప్పుడు ఆ ఇంటి విషయానికి వద్దాం. మొదట అడగవలసినది అవసరం గురించి. ముచ్చట తప్ప మరే అవసరమూ లేని కుక్క అయితే బిడ్డ పుట్టకముందే షరీఅత్ సమాధానం చెప్పింది. బిడ్డ రాకతో ఆ సమాధానం తొందరపెడుతున్నది, అంతే. పట్టణంలో రెండు గదుల ఇంటిలో పెంచే సీమ కుక్క సాధారణంగా ఈ కోవలోకి వస్తుంది.

అవసరం నిజమైనదైతే, రెండవ ప్రశ్న హద్దు గురించి. కుక్కను తిరిగి తోటకు చేర్చి, అక్కడ నీడ, నీరు, తిండి చూసి, ఇంటి వసారాకూ దానికీ నడుమ బిడ్డ దాటలేని కంచె పెట్టగలిగితే చాలావరకు సమస్య తీరుతుంది. నెల్లూరు మెట్ట ఊళ్ళలో ఇది అసాధ్యం కాదు. అయితే హద్దు అంటే రోజంతా గొలుసుతో గుంజకు కట్టివేయడం కాదు. అలా కట్టిన కుక్కకు చిరచిర పెరుగుతుంది, గొలుసు అందేంత మేర బిడ్డకు ప్రమాదం పెరుగుతుంది. పిల్లిని కట్టి ఉంచి, తిండి పెట్టక, తానుగా తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు కట్టివేసిన ప్రతి ప్రాణికీ వర్తించేదే. బిడ్డకు ఐదారేళ్ళు వచ్చి, చెప్పిన మాట గుర్తుంచుకునే వరకు, పెద్దవారు దగ్గర లేకుండా కుక్కనూ బిడ్డనూ ఒకచోట వదలరాదు. 'మన కుక్క కరవదు' అన్న భరోసా ఎంత ఉన్నా సరే.

మూడవది, కుక్క నడత. కారణం లేకుండా ఒకసారి కరచిన కుక్క, బిడ్డను చూడగానే మీదికి పోయే కుక్క పసివారున్న ఇంటికి తగదు. ఇక్కడ నానా చెప్పే నాలుగేళ్ళ సేవ కూడా బిడ్డ ప్రాణం ముందు నిలబడదు. హనఫీ ఫత్వా గ్రంథాలలో ఒక మస్‌అలా ఉన్నది. దారిన పోయేవారిని కరిచే కుక్కను గురించి ఊరివారు యజమానిని ముందుగా హెచ్చరించి ఉంటే, ఆ తరువాత జరిగిన కాటుకు అతడు నష్టపరిహారం ఇచ్చుకోవాలి. ఒరిగిన గోడను గురించి హెచ్చరించినా కూల్చనివానికి ఏ బాధ్యత ఉన్నదో ఇదీ అటువంటిదే. నేటి చట్టం కూడా దీనికి దూరంగా లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను, తన వద్దనున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడనివానిని శిక్షార్హుని చేస్తున్నది. తమ బిడ్డ విషయంలో గుర్రుమన్న ఆ మొదటి శబ్దమే హెచ్చరిక అని తల్లిదండ్రులు భావించడం మంచిది.

పంపించడానికీ, వదిలిపెట్టడానికీ మధ్య

కుక్కను పంపించాలనే నిర్ణయానికి వచ్చిన తరువాత కూడా ధర్మశాస్త్రం ఆ ఇంటిని విడిచిపెట్టదు. ఇక్కడే మనవారు ఎక్కువగా తప్పిపోతారు.

క్రీ.శ. 1262లో మరణించిన షాఫిఈ ఇమాం ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ (రహ్మలై) తమ ఖవాయిద్ గ్రంథంలో మనిషి మీద పశువులకుండే హక్కులను వరుసగా వ్రాశారు. అవి ముసలివైనా, జబ్బుపడి ఏ పనికీ రాకపోయినా, వాటి పోషణ యజమాని మీదనే ఉంటుందన్నది అందులో మొదట చెప్పదగిన మాట. ఉపయోగం తీరిన నాడు పోషణ బాధ్యత తీరదు. బాధ్యత ఒక చేతి నుండి మరొక చేతికి మారవచ్చు, గాలిలో కలిసిపోరాదు. హైవే ప్రక్కన వదిలితే అది లారీల క్రింద పడుతుంది, లేదా ఆకలితో తిరిగి ఏదో ఒక ఊరి కుక్కల గుంపులో చేరుతుంది. దర్గా దగ్గర వదిలితే, అక్కడికి వచ్చే యాత్రికుల పిల్లల మధ్యన వదిలినట్లే. మన బిడ్డకు తప్పించిన హానిని మరొకరి బిడ్డకు అంటగట్టడం పైన చెప్పిన హాని సూత్రానికి పూర్తిగా విరుద్ధం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ బాలుని కరచి చంపిన సంఘటన రాష్ట్రాలన్నిటినీ కలవరపరచింది. తిండి పెట్టే చేయి దూరమైన ప్రతి ఇంటికుక్క అటువంటి గుంపులకు ఒక చేర్పే. ఆకలిదప్పులకు గురయ్యే విధంగా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం కూడాను.

ఊరి నుండి కుక్కలను వదిలించుకోవాలన్న తొందర ఎక్కడికి దారితీస్తుందో ముస్లిం చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1910లో ఇస్తాంబూలు అధికారులు వీధికుక్కలను వేల సంఖ్యలో పట్టి, మర్మరా సముద్రంలోని నీరూ నీడా లేని ఒక దీవికి చేరవేశారు. అవి అక్కడ ఆకలితో, దాహంతో మాడి చచ్చాయి. వాటి అరుపులు తీరం వరకు వినిపించాయని అంటారు. శతాబ్దాలుగా ఆ కుక్కలకు తిండి పెడుతూ వచ్చిన నగర ప్రజలకు అది తీరని మచ్చగా మిగిలిపోయింది.

చంపడం మాటకు వస్తే, మదీనాలో ఒక దశలో కుక్కలను చంపవలసిందని ఆదేశం వెలువడిన మాట నిజమే. సహీహ్ ముస్లింలో ఆ ఉల్లేఖనాలున్నాయి. ఆ తరువాత దానిని నిషేధించిన ఉల్లేఖనం కూడా అక్కడే ఉన్నది. కుక్కలు కూడా సమాజాలలో ఒక సమాజమన్న ప్రవక్త (స) మాటను అబ్దుల్లాహ్ ఇబ్నె ముగఫ్ఫల్ (రజి) ఉల్లేఖించారు. హాని చేయని కుక్కను చంపరాదని విద్వాంసులు తేల్చారు. అన్నంలో విషం కలిపి పెట్టడం షరీఅత్‌కూ, చట్టానికీ కూడా విరుద్ధం. నిజంగా కరిచే గుణం ముదిరి ఎవరూ తీసుకోలేని కుక్క అయితే పశువైద్యుని నిర్ణయానికి వదలాలి. సొంత చేతులతో పరిష్కరించరాదు.

మరి ఎవరికి ఇవ్వాలి? చిన్నపిల్లలు లేని, కాపలా అవసరమున్న ఇల్లు ఉత్తమం. తోటలో ఒంటరిగా ఉండే కాపలాదారు, రొయ్యల గుంటల గట్టున గుడిసె వేసుకున్నవాడు, మంద తోలేవాడు, ఇటువంటివారికి నాలుగేళ్ళు కాపలా నేర్చిన కుక్క వరమే. డబ్బు పుచ్చుకోకుండా ఇవ్వడం మేలు. కుక్క వెలను ప్రవక్త (స) వారించిన హదీసు బుఖారీలో ఉన్నది. పని నేర్చిన కుక్క అమ్మకాన్ని హనఫీలు అనుమతించినా, ఉచితంగా ఇస్తే వివాదానికే తావు లేదు. ఇచ్చేటప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అది పసివానిని చూసి గుర్రుమన్నదని దాచి, ఏ జంకూ లేని కుక్కని చెప్పి అంటగట్టడం మోసం. మోసగించేవాడు మనలోని వాడు కాడన్న హెచ్చరిక ధాన్యం వ్యాపారికి మాత్రమే పరిమితం కాదు. టీకా కాగితాలు చేతికివ్వాలి. అది తినే వేళలు, బెదిరే శబ్దాలు చెప్పాలి. మొదటి పది పదిహేను రోజులు ఒకసారి పోయి చూసి రావాలి. పాత ఇంటికి తిరిగి వచ్చే కుక్కలు చాలా ఉంటాయి.

ఇంటిలో ఆరేడేళ్ళ పెద్దపిల్లలు కూడా ఉంటే వారి విషయం మరువరాదు. పసిబిడ్డ కోసం కుక్కను పంపుతున్నారని తెలిసిన పిల్లవాడు ఆ కోపం తమ్ముని మీద పెట్టుకోవచ్చును. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోయినప్పుడు, దైవప్రవక్త (స) ఆ పిల్లవానిని పేరు పెట్టి పలకరించి, నీ పిట్ట ఏమైందని అడిగి ఊరడించిన విషయం బుఖారీ, ముస్లింలలో ఉన్నది. అంత పెద్ద బాధ్యతలున్నవారు ఒక పసివాని పిట్ట గురించి ఆగి అడిగారు. పిల్లలు నిద్రపోయినప్పుడు చాటుగా కుక్కను తీసుకుపోయి, పొద్దున్నే అది పారిపోయిందని అబద్ధం చెప్పడం అన్ని విధాలా చెరుపు. ఎందుకు పంపుతున్నారో పిల్లలకు అర్థమయ్యే మాటలలో చెప్పి, వీలైతే వారిని వెంట తీసుకుపోయి, కుక్క ఉండబోయే తోటను చూపించి రావడం మేలు. దాని చిప్పనూ, అది పడుకునే గోనెపట్టనూ పిల్లల చేతనే అక్కడికి చేర్పించవచ్చును.